కత్తెరకి అన్‌డూ లేదు: బొంత ముక్కల కోసం ఇంట్లోనే టెంప్లేట్లు చేసుకోవడం ఎలా?

 

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది బొంత గురించి. కరెక్ట్‌గా చెప్పాలంటే బొంత కుట్టడం గురించి కూడా కాదు, దానికంటే ముందు జరిగే పని గురించి. ముక్కలు కత్తిరించడం. ఆ ముక్కలన్నీ ఒకే సైజులో రావాలంటే చేతిలో ఏముండాలి, దాన్ని ఇంట్లో ఉన్న చెత్తతోనే ఎలా తయారు చేసుకోవాలి, ఇదీ టాపిక్.

నేను నాలుగేళ్లు కోడ్ రాశాను. కోడ్‌లో ఉన్న సుఖం ఏంటంటే, తప్పు చేస్తే కంట్రోల్ జెడ్ కొడతాం, పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకుంటాం. బట్టకి ఆ సౌకర్యం లేదు. కత్తెర ఒక్కసారి పడిందంటే పడినట్టే. కొత్త బట్టయితే షాపుకెళ్లి ఇంకో మీటర్ తెచ్చుకుంటాం. కానీ బొంత కుట్టేది ఎక్కువగా పాత బట్టలతో. అమ్మమ్మ చీర ఇంకో మీటర్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఒక మెసేజ్. పేరు చెప్పను. ఒక అమ్మాయి రాసింది: "అన్నా, మా నాన్నగారు పోయి ఏడాది అయింది. ఆయనవి 6 ఫుల్ హ్యాండ్స్ కాటన్ షర్టులు దాచి ఉంచాం. అమ్మకి కప్పుకోడానికి బొంత కుడదామని ఉంది. మూడుసార్లు కత్తెర పట్టుకున్నాను, మూడుసార్లూ పక్కన పెట్టేశాను. ఎలా మొదలుపెట్టాలి?"

చెల్లీ, నువ్వు కత్తెర పక్కన పెట్టడం కరెక్టే. ముందు టెంప్లేట్ చేద్దాం. కత్తెర సంగతి చివర్లో.

అసలు టెంప్లేట్ అవసరమా?

నిజాయితీగా చెప్పుకుందాం. మన ఇళ్లలో బొంతలు కుట్టిన పెద్దవాళ్లు ఏ టెంప్లేట్లూ వాడలేదు. పాత చీరలు మడతలేసి పరిచారు, చిరిగిన చోట ఇంకో ముక్క వేశారు, పైనుంచి కిందదాకా రన్నింగ్ కుట్టు వేసుకుంటూ పోయారు. అంతే. అద్భుతంగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది.

పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే సిద్దీ మహిళలు కవంది అనే బొంతలు కుడతారు. వాళ్లది ఇంకో పద్ధతి. అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్కలు అతికిస్తూ చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు. ఏ ముక్క ఎక్కడ సరిపోతే అక్కడ, కొంచెం మడిచి కుట్టేస్తారు. చివర్లో నాలుగు మూలల్లో ఫూలా అని మడిచిన బట్ట ముక్కలు పెడతారు. అవి లేకపోతే ఆ బొంత పూర్తయినట్టు కాదు. ఇందులోనూ టెంప్లేట్ లేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళల క్విల్ట్‌లు ప్రపంచ ప్రసిద్ధి. వాళ్లలో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ 1942లో, చనిపోయిన తన భర్త పనికి వేసుకెళ్లే బట్టలతో ఒక క్విల్ట్ కుట్టింది. ఆయన్ని గుర్తుంచుకోడానికి, ఆయన బట్టల కింద పడుకోడానికి అని. ఈ విషయం ఆవిడ కూతురు తర్వాత చెప్పింది. ఆ క్విల్ట్‌లో చిన్న చిన్న పక్కా లెక్కల ఆకారాలేమీ ఉండవు. పెద్ద ముక్కలు, పొడవాటి పట్టీలు. అరిగిన గుర్తులతో సహా.

కాబట్టి టెంప్లేట్ లేకపోతే బొంత రాదని ఎవరైనా అంటే నమ్మకండి. మరి ఎప్పుడు కావాలి? రెండు సందర్భాల్లో. ఒకటి, ముక్కల మూలలు ఒకదానికొకటి కచ్చితంగా కలవాలి అనుకున్నప్పుడు. అంటే గళ్లు, త్రిభుజాలు, తేనెపట్టు లాంటి షడ్భుజాలు. రెండోది, బట్ట లిమిటెడ్‌గా ఉండి, దాంట్లోంచి ఎన్ని ముక్కలొస్తాయో కత్తిరించకముందే తెలియాల్సినప్పుడు. ఈ చెల్లి కేసు రెండోది.

దేనితో చేయాలి?

బ్లౌజ్ పేపర్ కటింగ్ వీడియోలు చూసే ఉంటారు. అదే ఐడియా. కాకపోతే బ్లౌజ్ పేపర్ పెట్టి గీసేది ఒకటి రెండుసార్లు. బొంత ముక్క గీసేది వందలసార్లు. కాబట్టి న్యూస్ పేపర్ పనికిరాదు, గట్టిది కావాలి.

నంబర్ వన్, పెళ్లి శుభలేఖ. ప్రతి ఇంట్లో ఒక కట్ట ఉంటుంది, పారేయడానికి మనసు రాదు. మందంగా ఉంటుంది, కత్తెరకి తెగుతుంది. సమస్య ఏంటంటే, పెన్సిల్ తిప్పి తిప్పి అంచులు అరిగిపోతాయి, మూలలు గుండ్రమవుతాయి. అంచుల చుట్టూ సెల్లో టేప్ వేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది.

నంబర్ టూ, పాత ఎక్స్‌రే ఫిల్మ్, లేదా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైల్ కవర్. అంచు అంత త్వరగా అరగదు. పైగా కింద బట్ట కనిపిస్తుంది, గీతలు, పువ్వులు ఎక్కడొస్తున్నాయో చూసుకోవచ్చు. పర్మనెంట్ మార్కర్‌తో రాయాలి, మామూలు పెన్ను నిలవదు. వేడి ఇస్త్రీ పెట్టె దగ్గర మాత్రం పెట్టకండి, వంకర పోతుంది.

నంబర్ త్రీ, ఐస్‌క్రీమ్ డబ్బా మూత. మధ్యలో చదునుగా ఉన్న భాగం చిన్న ముక్కలకి సరిపోతుంది.

ఇంకో చిట్కా. టెంప్లేట్ బట్ట మీద జారిపోతుంటే, వెనకాల చిన్న శాండ్‌పేపర్ ముక్క అతికించండి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, సన్న రకం తీసుకోండి. గరుకు వైపు బట్టకి ఆనేలా అతికిస్తే కదలదు.

ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో కాన్సాస్ సిటీ స్టార్ అనే పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్ట్ డిజైన్లు అచ్చు వేసింది. చదివేవాళ్లు ఆ ఆకారాలు కత్తిరించి అట్ట మీద దించుకుని టెంప్లేట్లు చేసుకునేవాళ్లు. ఇంగ్లీష్ పేపర్ పీసింగ్ అనే పద్ధతిలోనైతే ప్రతి ముక్కకీ ఒక కాగితం టెంప్లేట్, దాని చుట్టూ బట్ట మడిచి కుట్టడం. పాత ఉత్తరాలు, బిల్లులు ఏవి దొరికితే అవి కత్తిరించేవాళ్లు. పూర్తికాని పాత క్విల్ట్‌లలో ఆ కాగితాలు ఇప్పటికీ లోపల ఉంటాయి. వాటి మీద రాత చదివి అవి ఏ కాలానివో అంచనా వేస్తారు.

గీయడం: లెక్క తక్కువ, గీత ఎక్కువ

ఇప్పుడు చిన్నప్పటి జామెట్రీ బాక్స్ బయటికి తీయండి. స్కేలు, సెట్ స్క్వేర్, కంపాస్.

ప్రతి ముక్కకి రెండు సైజులుంటాయి. కుట్టాక పైకి కనిపించే సైజు ఒకటి, కుట్టు లోపలికి పోయే మార్జిన్ కలిపి కత్తిరించే సైజు ఇంకోటి. ఈ రెండూ కలిపేసుకుంటే పని మొత్తం దెబ్బతింటుంది. క్విల్ట్‌లకి మార్జిన్ సాధారణంగా ప్రతి వైపూ పావు ఇంచు. బ్లౌజ్‌కి వదిలినంత వదలక్కర్లేదు.

చతురస్రం ఈజీ. 3 ఇంచులు కనిపించాలంటే, రెండు వైపులా పావు పావు కలిపి 3.5 ఇంచులు కత్తిరించాలి. గీశాక చెక్ చేయండి. నాలుగు భుజాలూ సమానంగా ఉండాలి, ఐమూలగా కొలిస్తే రెండు కర్ణాలూ సమానంగా రావాలి. 3.5 చతురస్రానికి కర్ణం 5 ఇంచులకి కాస్త తక్కువ, దాదాపు 12.6 సెంటీమీటర్లు. ఒక కర్ణం ఎక్కువ, ఇంకోటి తక్కువ వస్తే అది పక్కకి ఒరిగిందని అర్థం.

త్రిభుజం దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. 3 ఇంచుల గడిని ఐమూలగా సగం చేస్తే వచ్చే త్రిభుజం ఉంది కదా, దానికి కూడా అర ఇంచే కలిపి 3.5 భుజం గీస్తే సరిపోదు. ఎందుకంటే ఏటవాలు వైపు కూడా మార్జిన్ కావాలి. అది మూలల్ని బయటికి తోస్తుంది. లెక్కేస్తే భుజం 3.85 ఇంచులు వస్తుంది. అందుకే క్విల్ట్ పుస్తకాల్లో ముప్పావు కంటే కొంచెం ఎక్కువ, అంటే 7/8 ఇంచు కలపమంటారు.

కానీ ఇంట్లో టెంప్లేట్ చేసుకునేవాళ్లకి ఈ ఫార్ములా గుర్తుండక్కర్లేదు. ముందు కనిపించే సైజు ఆకారం గీయండి. తర్వాత ప్రతి గీతకీ బయట పావు ఇంచు దూరంలో సమాంతర గీత గీయండి. ఆ గీతలు ఎక్కడ కలుస్తాయో అదే మూల. త్రిభుజమైనా, షడ్భుజమైనా, ఇంకే ఆకారమైనా ఇదే రూల్. షడ్భుజానికి కంపాస్‌తో వృత్తం గీసి, కంపాస్ కదపకుండా అదే దూరంతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టి కలపండి. ఎనిమిదో తరగతి లెక్క ఇన్నాళ్లకి పనికొచ్చింది.

చేత్తో కుట్టేవాళ్లు లోపలి గీత మూలల దగ్గర సూదితో చిన్న రంధ్రాలు చేసుకోండి. పెన్సిల్ మొన పట్టేంత చాలు. బట్ట మీద ఆ చుక్కలు పెట్టుకుంటే కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది.

టెంప్లేట్ మీద ఇంకో మూడు విషయాలు రాయండి. సైజు. పడుగు దారం వైపు బాణం గుర్తు. పై వైపు అని ఒక గుర్తు. బట్ట పడుగు వెంబడి తక్కువ సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. బాణం చూసుకోకుండా ఇష్టమొచ్చినట్టు తిప్పి గీస్తే, ముక్కలన్నీ ఒకే సైజు ఉన్నా కుట్టేటప్పుడు ఒకటి సాగి ఇంకోటి సాగక ముడతలొస్తాయి. పై వైపు గుర్తు ఎందుకంటే, ఒరిగిన ఆకారాలకి టెంప్లేట్ తిరగబడితే అద్దంలో బొమ్మలాగా ఉల్టా ముక్క వస్తుంది.

ఫోన్‌లో డిజైన్ డౌన్‌లోడ్ చేసి జిరాక్స్ షాపులో ప్రింట్ తీసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ప్రింట్ సెట్టింగ్‌లో 'ఫిట్ టు పేజ్' ఉంటే బొమ్మ చెప్పకుండానే చిన్నదవుతుంది. ఉదాహరణకి 96 శాతానికి తగ్గితే 3.5 ఇంచులు కాస్తా 3.36 అవుతుంది. '100 శాతం' లేదా 'యాక్చువల్ సైజ్' పెట్టమనండి. కాగితం చేతికి రాగానే అక్కడే స్కేలు పెట్టి కొలవండి.

మాస్టర్ కాపీ

ఇది నా మాజీ ఉద్యోగం నుంచి వచ్చిన సలహా. ఎప్పుడూ ఒక ఒరిజినల్ ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు.

చాలామంది ఏం చేస్తారంటే, మొదటి బట్ట ముక్క కత్తిరించి, దాన్ని ఇంకో బట్ట మీద పెట్టి రెండోది, రెండోదాన్ని పెట్టి మూడోది కత్తిరిస్తారు. పెన్సిల్ గీత ముక్కకి బయట పడుతుంది కదా. ప్రతి వైపూ ఒక మిల్లీమీటర్ అనుకుందాం. అంటే ప్రతి కాపీ ముందు దానికంటే 2 మిల్లీమీటర్లు పెద్దది. పదో ముక్క దగ్గరికొచ్చేసరికి మొదటిదానికంటే 18 మిల్లీమీటర్లు పెద్దదైపోతుంది. ముప్పావు ఇంచు దాకా తేడా!

అదే ఒక్క టెంప్లేట్‌తో అన్నీ గీస్తే? ఒకవేళ ఆ టెంప్లేటే 1 మిల్లీమీటర్ పెద్దగా ఉన్నా ఫర్లేదు. అన్ని ముక్కలూ అంతే పెద్దగా ఉంటాయి, మూలలు కలుస్తాయి, బొంత మొత్తం ఒక రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది, ఎవరికీ కనిపించదు. అందరికీ ఒకటే తప్పు ఉంటే అది తప్పు కిందకి రాదు. ఒక్కోదానికి ఒక్కో తప్పు ఉంటేనే గొడవ.

అందుకే ఎక్స్‌రే ఫిల్మ్‌తో ఒక మాస్టర్ చేసి పుస్తకంలో దాచండి. దాన్నిబట్టి శుభలేఖలతో నాలుగైదు వర్కింగ్ కాపీలు చేయండి. ప్రతి 50 ముక్కలకోసారి వర్కింగ్ కాపీని మాస్టర్ మీద పెట్టి చూడండి. మూల అరిగితే పారేసి కొత్తది తీయండి.

గుండ్రంగా తిరిగే రోటరీ కట్టర్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, అట్ట టెంప్లేట్ పక్కన అది నడపకండి. బ్లేడు అట్టని కూడా పల్చగా చెక్కేస్తుంది, టెంప్లేట్ చిన్నదైపోతుంది, వేలు కూడా తెగొచ్చు. అట్టయితే గీత గీసి కత్తెరతోనే. ముదురు రంగు బట్ట మీద గీయడానికి అరిగిపోయిన సబ్బు ముక్క చాలు, మన టైలర్ల పాత టెక్నిక్. ఉతికితే పోతుంది.

ఇప్పుడు ఆ 6 షర్టుల లెక్క

చెల్లీ, ముందు షర్టుని కత్తిరించకు. కుట్లు విప్పు. వెనక భాగం, ముందు రెండు భాగాలు, చేతులు విడివిడిగా వస్తాయి. ఇస్త్రీ చేసి, బాగున్న భాగం ఎంతో కొలువు. నేను ఒక షర్టుకి ఇలా అనుకుంటున్నా: వెనక 18 బై 24.5 ఇంచులు, ముందు ఒక్కో వైపు 8 బై 21, చేయి ఒక్కోటి 10.5 బై 14. నీ కొలతలు వేరే వస్తే అవే వేసుకో, పద్ధతి మాత్రం ఇదే.

అమ్మకి కప్పుకోడానికి దాదాపు 50 బై 70 ఇంచుల బొంత కావాలనుకుందాం. టెంప్లేట్ ఏ సైజు?

పెద్ద ముక్కలైతే పని తక్కువ కదా అని 5 ఇంచులు తీసుకుందాం. కత్తిరించేది 5.5. వెనక భాగంలో అడ్డంగా 3, నిలువుగా 4, మొత్తం 12. ముందు వైపులు 8 ఇంచుల వెడల్పే కాబట్టి ఒక్క వరుసే పడుతుంది, 3 చొప్పున 6. చేతులు 2 చొప్పున 4. షర్టుకి 22. ఆరు షర్టులకి 132. బొంతకి కావాల్సింది 10 బై 14, అంటే 140. ఆరు షర్టులూ కత్తిరించినా చాలదు!

ఇప్పుడు 3 ఇంచులు తీసుకుందాం. కత్తిరించేది 3.5. వెనక భాగంలో 5 బై 7, అంటే 35. ముందు వైపులు 2 బై 6, ఒక్కోటి 12, రెండూ కలిపి 24. చేతులు 3 బై 4, రెండూ కలిపి 24. మొత్తం షర్టుకి 83. బొంత సైజు 51 బై 72 చేస్తే, 17 బై 24, అంటే 408 ముక్కలు. ఐదు షర్టులకి 415.

ఐదు చాలు. ఆరో షర్టుకి కత్తెర తగలక్కర్లేదు. అల్మారాలో అలాగే ఉంటుంది.

మోచేతులు, కాలర్ కింద పల్చబడిన చోట్ల కొన్ని ముక్కలు పోతాయనుకో. అప్పుడు ఆరోదాని జోలికెళ్లకుండా ఒక వరుస తగ్గించు. 17 బై 23, అంటే 391 ముక్కలు, 69 ఇంచుల పొడవు. అమ్మకి కప్పుకోడానికి చాలు.

ఇంకో విషయం. నాన్న జేబు. పెన్ను మరక ఉన్నా సరే, అది పారేయకు. జేబు 3.5 ఇంచుల్లో పట్టదు. దానికోసం 6.5 ఇంచుల టెంప్లేట్ ఒకటి వేరే చెయ్యి. కుట్టాక అది 6 ఇంచులు అవుతుంది, అంటే నాలుగు చిన్న గళ్ల చోట్లో కచ్చితంగా కూర్చుంటుంది, లెక్క ఏమీ మారదు. ఈ టెంప్లేట్‌ని కిటికీలాగా చెయ్యి. మధ్యలో 6 ఇంచుల గడి ఖాళీ, చుట్టూ పావు ఇంచు చట్రం. షర్టు మీద అటూ ఇటూ జరిపి చూస్తే, కుట్టాక జేబు ఎలా కనిపిస్తుందో ముందే తెలిసిపోతుంది. జేబు గీశాకే మిగతా గళ్లు గీయాలి.

షర్టు మీద సబ్బుతో గళ్లన్నీ గీసి లెక్కపెట్టు. నచ్చకపోతే దులిపేసి మళ్లీ గీయి. అన్‌డూ ఉన్నది ఈ స్టెప్ దాకే. కాబట్టి ఇక్కడ ఎంత టైమ్ తీసుకున్నా పర్లేదు.

కత్తెరకి ముందు లాస్ట్ టెస్ట్

షర్టుల కంటే ముందు ఒక పాత దుప్పటి ముక్క తీసుకోండి. మీ టెంప్లేట్‌తో మూడు గళ్లు కత్తిరించి, పావు ఇంచు మార్జిన్‌తో వరసగా కుట్టండి. ఇస్త్రీ చేసి కొలవండి. మొత్తం 9.5 ఇంచులు రావాలి, మధ్య గడి సరిగ్గా 3 ఉండాలి. తక్కువొస్తే కుట్టు లోపలికి పోతోంది, ఎక్కువొస్తే అంచు దగ్గరికొస్తోంది. మిషన్ మీద కుట్టేవాళ్లు సూదికి పావు ఇంచు దూరంలో ప్లేట్ మీద టేప్ ముక్క అతికించుకుంటే, బట్ట అంచు దాని వెంబడి పోతే చాలు. టెంప్లేట్‌లో వదిలిన మార్జిన్, మిషన్ కుట్టే మార్జిన్ రెండూ ఒకటే కావాలి. అంతే రహస్యం.

కొత్త బట్ట ఏదైనా కలుపుతుంటే, వెనక వైపుకో అంచుకో, ముందు ఉతికి ఆరేయండి. పాత షర్టులు కుంచించుకోవాల్సినంత ఎప్పుడో కుంచించుకున్నాయి. కొత్తది బొంతలో చేరాక మొదటి ఉతుకులో కుంచించుకుపోయి పక్కవాటిని లాగుతుంది.

సరే, ఈ వారం మీకు చిన్న హోంవర్క్. ఇంట్లో ఒక పాత శుభలేఖ వెతకండి. 3.5 ఇంచుల గడి ఒకటి కత్తిరించండి. రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా వస్తే మీ దగ్గర పనిముట్టు రెడీ, ఖర్చు సున్నా. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ముక్కల్ని ఏ వరసలో కలపాలి, మధ్యలో పాత చీర ఎలా పరవాలి చూద్దాం.

మీ ఇంట్లో బొంత కుట్టిన నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఈ వీడియో వాళ్లకి చూపించండి. "ఇంత లెక్క దేనికిరా" అని నవ్వుతారు, నాకు తెలుసు. నవ్వాక వాళ్లు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినండి. వీలైతే రికార్డ్ చేయండి.

ఉంటాను. బై.